తాళియు లింగమును: వివాహస్థితి, సుఖము అను విషయముపై ఒక పాఠము



మన యిండ్లలో దినదినము వినబడు ఒక చిన్న ప్రశ్నయే ఈ పాఠమునకు విషయము. క్రొత్తవారు ఇంటికి వచ్చినప్పుడు మొదట ఊరడుగుదుము; పిదప "పెండ్లయినదా?" అని యడుగుదుము. అయినదన్నచో సంతోషింతుము. కాలేదన్నచో "పాపము" అందుము. భర్త గతించినాడన్నచో మాట మార్చుదుము. అనగా మనిషి సుఖదుఃఖములను వివాహస్థితియే నిర్ణయించునని మనము ముందుగనే తీర్మానించుకొన్నాము. పెండ్లియైనవారు సుఖులనియు, కానివారు అసంపూర్ణులనియు, తోడు పోగొట్టుకొన్నవారు ఇక దుఃఖమునకే పుట్టినవారనియు మన నమ్మకము.

ఈ నమ్మకము సత్యమేనా? బసవేశ్వరుడును, ఆయనతో కూడిన శరణులును ఈ విషయమున మనకు చూపిన దారి యేది? ఈ రెండు ప్రశ్నలను పలాస, టెక్కలి, ఉద్దానపు తీరమునందలి జీవితము నెదుట నుంచుకొని విచారింతము. ఏలయన, వివాహబంధము ఇచ్చటవలె కఠినపరీక్షకు లోనైన సీమలు మన తెలుగునాట అరుదు.

1. ఉద్దాన సీమ

"ఉద్యానము" అను మాటయే జనుల నోట "ఉద్దానము" అయినదని పెద్దలు చెప్పుదురు. శ్రీకాకుళము జిల్లా యుత్తర భాగమున ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో ఇసుక నేలలపై కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు పెరిగిన సీమ యిది. పలాస-కాశీబుగ్గ జంట పట్టణములు జీడిపప్పునకు ప్రసిద్ధములు. దక్షిణమున టెక్కలి, దానికి చేరువను రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి కొలువై యున్నాడు. ఆ లింగమునకు పైకప్పు లేదు. ఎండయు వానయు నేరుగ స్వామిపై పడుచుండును. నీడలేని బ్రదుకు గడుపు వారికి ఆ స్వామి దగ్గరి బంధువువలె తోచుటలో వింత లేదు.

ఈ పచ్చని సీమను కొన్ని దశాబ్దములుగా మూత్రపిండ వ్యాధి పీడించుచున్నది. సాధారణముగ మధుమేహము వలనను, రక్తపుపోటు వలనను మూత్రపిండములు చెడును. ఉద్దానమునందో, ఆ రెండును లేని రైతులకును కూలీలకును సైతము ఈ వ్యాధి వచ్చుచున్నది. ఎన్నియో పరిశోధనలు జరిగినను మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు. ఇట్టి వ్యాధియే శ్రీలంకలోని అనూరాధపుర ప్రాంతమునను, మధ్య అమెరికాలోని చెరకు తోటల సీమలలోను కలదు. నికరాగువా దేశమున చిచిగల్ప పట్టణమునకు చేరువనున్న లా ఇస్లా యను పల్లెలో చెరకు కూలీలనేకులు ఈ వ్యాధితో మరణింపగా, లోకులు దానిని "వితంతువుల దీవి" యని పిలువసాగిరి. ఆ పేరు వినినప్పుడు మన హృదయము కలతపడును. ఒక పల్లెకు అందలి స్త్రీల వివాహస్థితియే పేరైపోయినది! వారి కష్టము, వారి పని, వారి ధైర్యము ఆ పేరులో కానరావు.

దీనికి తోడు 2018 అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరమున నేల తాకినది. కొబ్బరియు జీడిమామిడియు ఒక్క రాత్రిలో కూలిపోయినవి. కొబ్బరి మొక్క మరల కాపునకు వచ్చుటకు కొన్ని సంవత్సరములు పట్టును. తోటపై ఆశ పెట్టుకొని పెండ్లిండ్లు నిశ్చయించుకొన్న యిండ్లు ఎట్టి ఇక్కట్టున పడియుండునో పాఠకులు ఊహింపగలరు.

2. నాలుగు స్థితులు

ఈ సీమయందు వివాహస్థితిని నాలుగు విధములుగ చూడవచ్చును.

మొదటిది, పెండ్లి కాని స్థితి. ఉద్దానపు పల్లె పేరు చెప్పగనే బయటి సంబంధములవారు వెనుకాడుచున్నారని పత్రికలు పలుమారులు వ్రాసినవి. యువకునిలో లోపము లేదు. యువతిలో లోపము లేదు. ఊరి పేరే లోపమైనది. ఇట్లు ఆలస్యమైనవారిని మనము జాలితో చూతుము. వారి బాధలో అధికభాగము ఒంటరితనము వలన కలిగినదా, మన చూపు వలన కలిగినదా యని మాత్రము ప్రశ్నించుకొనము.

రెండవది, పెండ్లియై భాగస్వామి వ్యాధిగ్రస్తమైన స్థితి. మూత్రపిండములు పనిచేయుట మానినప్పుడు రోగికి వారమునకు రెండు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు డయాలిసిస్ చేయవలసియుండును. టెక్కలి, పలాస, సోంపేటలలో డయాలిసిస్ కేంద్రములు కలవు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధి పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు మంచినీరు తెచ్చు పథకమును అదే దినమున ప్రారంభింపబడినది. ఇవి గొప్ప మేలు. అయినను రోగిని ఆటోలో నెక్కించి తీసికొనిపోవుట, త్రాగునీటిని కొలిచి యిచ్చుట, ఉప్పు తగ్గించి వండుట, కూలి మానుకొని మంచము ప్రక్కన కూర్చుండుట ఏ ఆసుపత్రియు చేయునది కాదు. అది భార్యయో, భర్తయో చేయవలసినది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము భార్యాభర్తలను దగ్గరి బంధువులలో చేర్చినది. కావున ఒకరు మరొకరికి మూత్రపిండము దానము చేయవచ్చును. మన దేశమున బ్రతికియుండి అవయవదానము చేయువారిలో స్త్రీలే అధికులు. భార్య భర్తకిచ్చినంత సులభముగ భర్త భార్యకిచ్చుచున్నాడా యని ప్రతి పురుషుడును తన్నుతాను ప్రశ్నించుకొనవలెను.

మూడవది, పెండ్లియై దూరముననున్న స్థితి. ఉద్దానమునుండి విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నపట్టణములకు పనికై పోయినవారు ఎందరో. తీరపు జాలరులు గుజరాతులోని వేరావలు దాక పోయి పడవలపై పనిచేయుదురు. 2018 నవంబరులో అట్లు పోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులను పాకిస్తాను అధికారులు బంధించిరి. 2020 జనవరిలో వారు స్వదేశమునకు తిరిగివచ్చిరి. పదునాలుగు నెలలు వారి భార్యల మెడలో తాళి యున్నది. ఇంట మగడు లేడు, అతని కబురు లేదు. పట్టికలో వారు "వివాహితలు". అట్టివారిని సుఖులందుమా?

నాలుగవది, తోడు పోయిన స్థితి. పలాస జీడి పరిశ్రమలో పనిచేయువారిలో స్త్రీల సంఖ్య మిక్కిలి హెచ్చు. పిక్కను ఉడికించుట, పగులగొట్టుట, పప్పు తీయుట, పొట్టు ఒలుచుట, పప్పును గుండు, బద్ద, ముక్కలుగా వేరుపరచుట, ఇట్లు ఒక్కొక్క పప్పు ఎన్నియో చేతులు మారును. పిక్క చిప్పలోని జీడి రసము చర్మమును కాల్చును. పనివారి చేతులు నల్లబడి పొక్కులెక్కును. భర్తను పోగొట్టుకొన్న స్త్రీలకు బిడ్డలను సాకుటకు ఈ సీమలో చేరువనున్న పని యిదియే. పెండ్లిలో పాయసమున వేయు జీడిపప్పును ఒలిచినది ఆ చేయి. ఆ పెండ్లిలో ముందుకు రాకూడదని మనము చెప్పునది ఆ చేతికే.

ఈ నాలుగు స్థితులను పక్కపక్కన పెట్టి చూచినచో ఒక్క సంగతి తేటపడును. ఏ స్థితిలోనైనను సుఖులు కలరు, దుఃఖితులు కలరు. భేదము పెండ్లిలో లేదు. బరువు పంచుకొనువారు కలరా, చేతిలో పని కలదా, నలుగురిలో గౌరవము కలదా యనుదానిలో భేదమున్నది.

3. ఆధునిక పరిశోధన చెప్పునది

ఈ మాట మన యూహ మాత్రమే కాదు. జర్మనీ దేశమున 24,000 మందికి పైగా వ్యక్తులను పదునైదేండ్లపాటు ఏటేట ప్రశ్నించి సేకరించిన సమాచారమును కొందరు మనశ్శాస్త్రజ్ఞులు పరిశీలించి 2003లో ప్రకటించిరి. పెండ్లినాటికి మనిషి సంతృప్తి పెరుగును. కాని కొలదికాలములోనే సగటున పూర్వపు మట్టమునకు దిగివచ్చును. పెండ్లిచేసికొని నిలుపుకొన్నవారిలో పలువురు పెండ్లికి ముందునుండియే సంతృప్తులు. భాగస్వామి మరణించినవారి దుఃఖము మాత్రము త్వరగా తగ్గదు. దానికి అనేక సంవత్సరములు పట్టును. అయితే ఈ సగటుల వెనుక వ్యక్తికి వ్యక్తికి గల భేదము మిక్కిలి పెద్దదని వారు వ్రాసిరి. పెండ్లి వలన ఎంతో మేలు పొందినవారు కలరు, కీడు పొందినవారును కలరు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము 1938లో ఆరంభించి తరతరములుగ సాగించుచున్న పరిశోధన మరియొక సంగతి చెప్పినది. వృద్ధాప్యమున ఆరోగ్యమును ఆనందమును నిలుపునవి ధనము, కీర్తి కావు; ఆప్యాయత గల సంబంధములే. ఆ సంబంధము భార్యాభర్తలది కావచ్చును, తోబుట్టువులది కావచ్చును, స్నేహితులది కావచ్చును. కలహముతో నిండిన దాంపత్యము కంటె ఆదరముతో నిండిన ఒంటరి జీవితము మేలని దీనివలన గ్రహింపవచ్చును.

ఇందుండి మనము రెండు విషయములు నేర్వవలెను. పెండ్లియే సుఖమునిచ్చునను ఆశ అతిశయోక్తి. వైధవ్య దుఃఖము మాత్రము నిజమైనది, దీర్ఘమైనది. అట్టి దీర్ఘదుఃఖముపై మనము సంఘ బహిష్కారమను రెండవ బరువును మోపుట న్యాయమా?

4. శరణుల దాంపత్యము

12వ శతాబ్దమున కల్యాణములో శరణులు సంసారమును నిందింపలేదు. సన్న్యాసమును అందరికి విధింపలేదు. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండారమును నిర్వహించుచు గంగాంబిక, నీలాంబికలతో గృహస్థుడై యుండెను. శరణ మార్గమున గృహస్థాశ్రమము తక్కువది కాదు. కాని దానిని సుఖమునకు హామీపత్రముగ వారెన్నడును చెప్పలేదు. కాయకము చేయుటకును, దాసోహము నడుపుటకును ఇద్దరు కూడిన కూటమి దాంపత్యమని వారి నడత చెప్పును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన పిల్లలకు సైతము తెలిసినదే. మారయ్య కల్యాణములో రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగ కలవాడు. ఒకనాడు ఎన్నడును లేనంత బియ్యము తెచ్చెను. భార్య సంతోషింపలేదు. అక్కరకు మించిన బియ్యము మన కాయకఫలము కాదు, తీసికొనిపోయి అచ్చటనే పోసి రమ్మనెను. భర్త వినెను. భర్త పొరపాటును భార్య చెప్పగలుగుట, ఆ మాటను భర్త వినగలుగుట, ఈ రెండును ఆ పేదయింటి సిరి. ఉద్దానమున డయాలిసిస్‌కు పోవు భర్త త్రాగరానంత నీరు త్రాగబోయినప్పుడు "వద్దు" అని భార్య చెప్పుట యీ కోవకు చేరినదే. ఆ మాటను విసుగుకొనక వినుట ఆతని కాయకము.

అక్క మహాదేవి కథ రెండవ దారి చూపును. ఉడుతడిలో పుట్టిన ఆమెను కౌశికుడను రాజు కోరెను. ఆమె ఆతనిని పెండ్లాడి పిదప విడిచెనని హరిహరుడును, అసలు పెండ్లి జరుగలేదని చామరసుడును వ్రాసిరి. ఏది నిజమైనను రాజగృహమును విడిచి చెన్నమల్లికార్జునునే పతిగా నెంచి శ్రీశైలమునకు నడచెను. ఆమెను శరణ సంఘము "పాపము, పెండ్లి కాలేదు" అనలేదు, "అక్క" యనెను. ఆ పదము కంటె గౌరవపదము శరణ సాహిత్యమున స్త్రీకి లేదు.

బసవేశ్వరుని తోబుట్టువు అక్క నాగమ్మ మూడవ దృష్టాంతము. కల్యాణమున కల్లోలము రేగినప్పుడు శరణులను కాపాడుచు నడిపించినవారిలో ఆమె యొకతె. ఆమె భర్తను గూర్చి మనకు తెలిసినది మిక్కిలి తక్కువ. ఆమెను గూర్చి తెలిసినది ఎక్కువ. చెన్నబసవన్నను పెంచి జ్ఞానిని చేసిన తల్లిగా, సంఘమునకు దిక్కుగా ఆమె నిలిచినది.

నీలాంబికను గూర్చి సంప్రదాయము ఒక హృద్యమైన వృత్తాంతము చెప్పును. కల్లోలానంతరము బసవేశ్వరుడు కూడలసంగమమున నుండి ఆమెను పిలువనంపెను. ఆమె బయలుదేరి కృష్ణాతీరమునగల తంగడిగి చేరునప్పటికి ఆయన లింగైక్యుడైనట్లు తెలిసినది. ఆమె ఏటిని దాటి పోలేదు. ఆ సంగమనాథుడు ఇచ్చటను తన కరస్థలమునందే యున్నాడని నిశ్చయించి తంగడిగియందే ఐక్యమొందెను. భర్త యున్నచోటనే భార్యకు ముక్తి యను మాటను బసవన్న యిల్లాలే తన నడతతో త్రోసిపుచ్చినది. ఆమె భర్తను ప్రేమింపలేదనుట తగదు. ఆయన నేర్పిన విద్యనే ఆమె ఆచరించినది.

తెలుగు నేలపై పాల్కురికి సోమనాథుడు ద్విపదలో వ్రాసిన బసవపురాణమున బెజ్జమహాదేవి, గొడగూచి కథలు కలవు. ఒకతె శివునికి తల్లి లేదని జాలిపడి తానే తల్లియైనది. రెండవది పసిబాలిక, శివునిచే పాలు త్రాగించినది. ఈ కథలు వినువారెవ్వరును ఆ స్త్రీల వివాహస్థితిని అడుగరు. వారి వాత్సల్యమును తలచి కన్నీరు పెట్టుకొందురు. భక్తుల కథలు వినునప్పుడు మనకు కలిగెడి ఈ వివేకము పొరుగింటి స్త్రీని చూచినప్పుడు ఏల కలుగదు?

5. తాళియు లింగమును

ఇప్పుడు పాఠమునకు మూలమైన సంగతికి వచ్చుచున్నాము.

స్త్రీ మెడలో పెండ్లినాడు తాళి పడును. భర్త మరణించిననాడు దానిని తీసివేయుట లోకాచారము. తాళి యితరుడు కట్టునది. ఆతనితో కూడ పోవునది. దానిపై ఆధారపడిన గౌరవము సైతము దానితోనే పోవును. నిన్నటివరకు పేరంటమునకు మొదట పిలువబడిన యామె నేడు గుమ్మము చాటున నిలువవలసివచ్చును. ఆమె గుణము మారలేదు; ఆమె కాయకము మారలేదు; ఒక దారము తెగినది.

లింగమో, పురుషునికి ఎట్లో స్త్రీకి అట్లే. గురువు ఆమె చేతిలోనే లింగమునుంచును. అది భర్త ద్వారా వచ్చునది కాదు. భర్త పోయినచో పోవునది కాదు. పెండ్లి కాని కన్యకును, పుట్టినింటికి తిరిగివచ్చిన కూతునకును, తోడుపోయిన తల్లికిని అది సమానమే. శరణుడు సతి, లింగము పతి యను భావము మన సిద్ధాంతమునకు ప్రాణము. దాని యర్థమును సావధానముగ ఆలోచింపుడు. ఆ భావమున స్త్రీయు సతియే, పురుషుడును సతియే. పతి ఒక్క లింగదేవుడే. ఆ పతికి మరణము లేదు. కావున లింగధారులలో ఆ యర్థమున వితంతువు అను మాటకే తావు లేదు.

మన పెద్దలు పంచసూతకములను త్రోసిపుచ్చిరి. పుట్టుకచేతను, చావుచేతను, రజస్సుచేతను, ఎంగిలిచేతను, కులముచేతను లింగధారికి మైల లేదనిరి. చావుచేత మైల లేదన్నప్పుడు భర్త చావుచేత భార్యకు జీవితాంతము మైల యెట్లు కలుగును? మెడలో లింగమునుంచుకొని, ఆ లింగమును ధరించిన మరియొక స్త్రీని "ఎదురు రావద్దు" అనుట, ఆమె లింగమును అవమానించుట కాదా?

6. పీటలపై నెవరు కూర్చుండవలెను?

పెండ్లి దినములలో మన యిండ్లలో వినబడు ఒక మాట కలదు. తండ్రి లేని పిల్ల పెండ్లి. అన్ని యేర్పాట్లును తల్లియే చేసినది. అప్పు తెచ్చినది, చీరలు కొన్నది, విస్తళ్ళు లెక్కపెట్టినది. ముహూర్తము దగ్గరపడగనే మరిది వచ్చి మెల్లగా అనును: "వదినా, పీటల మీద మేమిద్దరం కూర్చుంటాంలే. నువ్వు లోపలుండు." ఆతడు చెడ్డవాడు కాడు. ఆచారమనుకొని చెప్పినాడు. ఆమెయు "సరే బాబూ" అని లోపలికి పోవును. తాను పదేండ్లు జీడిపిక్కలు కొట్టి పెంచిన కూతురి పెండ్లిని వంటయింటి తలుపు సందునుండి చూచును.

ఈ దృశ్యము ఉద్దానమున ఇతర సీమలకంటె తరచుగ జరుగుటకు కారణము చెప్పనక్కరలేదు. చిన్న వయసుననే తండ్రులను పోగొట్టుకొన్న యిండ్లు ఇచ్చట ఎన్నియో. ఆ వ్యాధిని ఆపుట మన చేతిలో లేకపోవచ్చును. ఆ తల్లిని పీటలపై కూర్చుండబెట్టుట మన చేతిలోనే యున్నది. ఇందుకు ప్రభుత్వపు ఉత్తర్వు అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఆ మరిదియే "వదినా, నీ బిడ్డ పెండ్లి, నువ్వే కూర్చో. మేం పక్కనుంటాం" అన్నచో చాలును. ఆ పెండ్లిని జరుపు అయ్యగారు "తల్లిని పిలువుడు" అన్నచో చాలును.

కొందరు పెద్దలు శుభమునకు భంగము కలుగునని భయపడుదురు. వారి భయమును పరిహసింపరాదు; ప్రేమతో సమాధానము చెప్పవలెను. తల్లి దీవెన కంటె శుభమేది? కన్నతల్లి లోపల కన్నీరు పెట్టుకొనుచుండగా వెలుపల జరుగు మంగళవాద్యము ఎంత మంగళము?

7. చట్టమును సంఘమును

వీరశైవులకును లింగాయతులకును 1955 నాటి హిందూ వివాహ చట్టము పేరు పెట్టి వర్తింపజేయబడినది. 1956 నాటి వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేక మరణించిన పురుషుని ఆస్తిలో భార్య మొదటి తరగతి వారసురాలు. బిడ్డలతోపాటు ఆమెకును భాగము కలదు. తోట కాగితములు భర్త పేరనుండి నేరుగ కొడుకుల పేర మారునప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. వితంతు వివాహమును 1856లోనే చట్టము అంగీకరించినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. వీరశైవులలో పలు శాఖలయందు అంతకు మునుపే ఈ ఆచారము కలదు. కావున మరల పెండ్లి చేసికొనదలచిన స్త్రీని నిందించుటకు మనకు శాస్త్రాధారము లేదు. చేసికొనదలపని స్త్రీని ఒత్తిడి పెట్టుటకును అధికారము లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వితంతు పింఛనును 2024 జూలైనుండి నెలకు రూ. 4,000 చేసినది. ఒంటరి మహిళలకును ప్రత్యేక పింఛను కలదు. డయాలిసిస్ రోగులకు నెలకు రూ. 10,000 ఇచ్చుచున్నారు. వీనికై దరఖాస్తు పెట్టుకొనుట యాచన కాదు, హక్కు. చదువురాని యిల్లాలికి ఆ కాగితము వ్రాసిపెట్టుట చదువుకొన్న యువకునికి దాసోహము.

8. ఆచరణకు

మఠములును కుటుంబములును ఈ క్రింది నియమములను పాటించినచో ఈ పాఠము సార్థకమగును.

ఒకటి. సంబంధము చూచునప్పుడు ఊరి పేరు విని త్రోసిపుచ్చరాదు. ఆరోగ్యమును గూర్చి సందేహమున్నచో ఇరువురును వైద్యపరీక్ష చేయించుకొనవచ్చును; అది ఎవరికైనను మంచిదే.

రెండు. వ్యాధిగ్రస్తుడున్న యింటికి పోయినప్పుడు రోగినే కాక సేవచేయు మనిషిని గూడ పలకరింపవలెను. నెలకొక్క దినమైనను ఆమె స్థానమున ఆసుపత్రికి తోడుపోయి ఆమెకు విశ్రాంతి నీయవలెను.

మూడు. పెండ్లిలో, గృహప్రవేశమున, పేరంటమున తోడుపోయిన స్త్రీని పేరుపెట్టి పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. విభూతియు పూలును అందరితో సమానముగ నీయవలెను.

నాలుగు. పెండ్లి కానివారిని చూచి జాలి మాటలు పలుకరాదు. వారి కాయకమును గూర్చి అడుగవలెను.

ఐదు. పెండ్లియైనవారు తమ దాంపత్యమును పరీక్షించుకొనవలెను. ఇంట ఒకరి మాట మరియొకరు వినుచున్నారా? లక్కమ్మ "తిరిగి పోసి రమ్ము" అన్నప్పుడు మారయ్య కోపించియుండినచో ఆ దాంపత్యమును నేడు మనము తలచెడివారము కాము.

సారాంశము

వివాహము మంచిది, అది కాయక దాసోహములకు ఇద్దరిని జతపరచు బంధము. కాని సుఖము దాని యందు నిలువయుండు ధనము కాదు. పెండ్లి యున్నను బరువు పంచుకొనువారు లేనిచో దుఃఖమే; పెండ్లి లేకున్నను పనియు, గౌరవమును, ఆప్తులును ఉన్నచో సుఖమే. తోడు పోయినవారి శోకమును మనము తీసివేయలేము. ఆ శోకముపై అవమానమును చేర్చకుండ ఉండగలము. తాళి తెగును; లింగము తెగదు. మనము గౌరవించునది దేనినని మన యింట జరుగు తరువాతి పెండ్లియే తెలుపును.

గోష్ఠిలో విచారించుటకు ప్రశ్నలు

1. ఆయ్దక్కి లక్కమ్మ భర్త తెచ్చిన బియ్యమును ఏల తిరస్కరించినది? మన యింట అట్టి మాట చెప్పగల స్వాతంత్ర్యము ఎవరికి కలదు?

2. నీలాంబిక తంగడిగియందే నిలిచిపోవుటలో గల యర్థమేమి?

3. శరణుడు సతి, లింగము పతి యను భావము పురుషుల నడతను ఎట్లు మార్చవలెను?

4. మన బంధువులలో తోడుపోయిన తల్లి తన బిడ్డ పెండ్లిలో ఎచ్చట కూర్చుండినది? తరువాతి పెండ్లిలో ఎచ్చట కూర్చుండవలెను?

నాలుగవ ప్రశ్నకు నోటితో ఉత్తరము చెప్పుటతో సరిపుచ్చుకొనక, చేతితో చేసి చూపుదురని ప్రార్థించుచున్నాము.

శరణు.